ఎడారి లోయలో నడక, ఈత: అపోహలు - వాస్తవాలు

ఏటా చలికాలంలో బెంగళూరు నుంచి తెలుగు కుటుంబాలను ఒమన్‌లోని వాదీ షాబ్‌కు తీసుకెళ్తుంటాను. మస్కట్ నుంచి సూర్ వెళ్లే దారిలో, తీవీ ఊరి దగ్గర ఉంటుంది ఆ లోయ. అరబ్బీలో వాదీ అంటే వాన వస్తే ఏరై పారే లోయ. పడవలో మడుగు దాటి, ఖర్జూర తోటల పక్కగా, రాతి అంచుల మీదుగా ముప్పావుగంట నడిస్తే ఆకుపచ్చని నీటి గుండాలు కనిపిస్తాయి. బయలుదేరే ముందు అందరం మారతహళ్లిలో ఒకచోట కలుస్తాం. అక్కడ ప్రతిసారీ వినిపించే మాటలకే ఈ జవాబులు.

అపోహ: ఎడారిలో ఈత కొట్టేంత నీళ్లు ఎక్కడివి?

వాస్తవం: అక్కడి హజర్ కొండల్లో సున్నపురాయి ఎక్కువ. కురిసిన కొద్దిపాటి వాన బీటల్లోంచి లోపలికి దిగి, లోయ అడుగున ఊటలై పైకి వస్తుంది.

అపోహ: ఆకాశం నిర్మలంగా ఉంటే భయం లేదు.

వాస్తవం: నా బృందంలో ఎవరూ ఈ నమ్మకంతో విమానం ఎక్కకూడదు. రాయలసీమలో పుట్టినవారికి వంక సంగతి తెలుసు. ఏడాదంతా ఇసుక తప్ప ఏమీ కనిపించదు. ఎగువన ఎక్కడో వాన పడితే, ఇక్కడ చినుకైనా రాలకుండానే వరద దిగుతుంది. వాదీ కూడా అలాంటిదే. పైగా ఆ కొండల మీద నీటిని పీల్చుకునే మట్టి దాదాపు లేదు, ఆపే చెట్లూ తక్కువే. గట్టి వాన పడితే బీటల్లోకి దిగగా మిగిలిన నీరంతా ఆ ఇరుకులోకే రావాలి. 1997 ఆగస్టు 12న అమెరికాలోని ఆరిజోనాలో యాంటెలోప్ కాన్యన్‌లో 11 మంది పర్యాటకులు ఇలాగే కొట్టుకుపోయారు. వాన కురిసింది మైళ్ల దూరంలో. 2018 అక్టోబరులో జోర్డాన్‌లో మృతసముద్రం దగ్గర వచ్చిన వరదకు 21 మంది బలయ్యారు. వారిలో ఎక్కువమంది విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మనం చూడాల్సింది తల మీది ఆకాశాన్ని కాదు, కొండల మీది ఆకాశాన్ని. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి బురద రంగుకు తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా, ఎగువ నుంచి బండి వస్తున్నట్టు హోరు వినిపించినా సంచీ కోసం వెనక్కి వెళ్లవద్దు. వచ్చిన దారిన కిందికి పరుగెత్తడమూ తప్పే, వరద వెళ్లేదీ అటే. దగ్గర్లో ఎక్కగలిగిన ఎత్తు ఏదైతే దాని మీదికి ఎక్కండి. ఘనమీటరు నీరు టన్ను బరువు ఉంటుంది. వేగంగా పారుతుంటే మోకాలి లోతు చాలు మనిషిని పడగొట్టడానికి.

ఒక ఫిబ్రవరి ఉదయం పడవ నడిపే పెద్దాయన కొండల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇరవై మందిని ఒడ్డు నుంచే వెనక్కి తిప్పాను. కొందరికి చాలా కోపం వచ్చింది. ఆ రోజు వరద వచ్చిందో లేదో నేను కనుక్కోలేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను.

అపోహ: ఈత వచ్చు కదా, చాలు.

వాస్తవం: “మేము బావిలోనే పెరిగాం బాబూ” అన్నారు అనంతపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన. నిజమే, ఆయన ఈత చూడముచ్చటగా ఉంది. కానీ బావిలో అలసిపోతే మెట్టు దొరుకుతుంది. అపార్ట్‌మెంటు కొలనులో నాలుగడుగులు వేస్తే గోడ అందుతుంది. ఇక్కడ ఎండలో నడిచి అలసిన ఒంటితో, కాళ్లకు బూట్లతో, నాచు పట్టిన రాళ్ల మధ్య వెళ్లి, అంతే దూరం తిరిగి రావాలి. అందుకే బూట్లు వేసుకుని ఈదడం బెంగళూరులోనే అలవాటు చేయిస్తాను. లైఫ్ జాకెట్ అందరూ వేసుకోవాల్సిందే, ఆ పెద్దాయనతో సహా.

జీన్స్ వద్దు, తడిస్తే కాళ్లకు బరువు కట్టినట్టే. ఊరివాళ్ల మర్యాదను బట్టి భుజాలూ మోకాళ్లూ కప్పే పలుచని బట్టలు చాలు.

అపోహ: వీడియోలో అక్కడి నుంచే దూకారు, మనమూ దూకవచ్చు.

వాస్తవం: ప్రతి వరదా బండరాళ్లను దొర్లిస్తుంది. నిరుడు లోతుగా ఉన్నచోట ఈ ఏడు రాయి ఉండవచ్చు. నేను దూకనివ్వను.

అపోహ: ఎడారి నీళ్లు వెచ్చగా ఉంటాయి.

వాస్తవం: అన్నిచోట్లా కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కరిజినీ లోయల్లో పైన ఎండ మాడ్చేస్తున్నా, నీడలోని గుండాలు వణికిస్తాయి. నీరు ఒంటి వేడిని గాలికన్నా చాలా త్వరగా లాగేస్తుంది. పెదవులు నీలంగా మారిన పిల్లలు “ఇంకొంచెంసేపు” అన్నా ఒడ్డుకు తీసుకురండి.

అపోహ: నీళ్లు బాగా తాగితే వడదెబ్బ తగలదు.

వాస్తవం: చెమటతో ఉప్పు కూడా పోతుంది. వట్టి నీళ్లే తాగుతూ పోతే తల తిరుగుతుంది, వాంతులవుతాయి. నా సంచీలో ఓఆర్‌ఎస్ పొట్లాలతో పాటు ఊరబెట్టిన నిమ్మకాయ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి.

చివరి గుండం దగ్గర రెండు బండలు దాదాపు కలిసిపోతాయి. మధ్యలో తల పట్టేంత సందు, కింద అందని లోతు. అందులోంచి మెల్లగా ఈదుతూ వెళ్తే లోపల గుహ, పైనుంచి వెలుగు, జలపాతం. ఆ అనంతపురం పెద్దాయన లోపలికి వచ్చి, తడి రాతి మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు మాట్లాడలేదు. ఆయనను కూడా సమయానికి బయటికి పిలిచాను. సాయంత్రం పడవలు ఆగిపోతాయి. మధ్యాహ్నం రెండు దాటితే ఆ సందు ముందు నిలబడినవారినైనా వెనక్కి తీసుకొస్తాను.