ఒంగోలు కుళాయికీ, మల్లవరం గేటుకీ ఉన్న లెక్క

ఏప్రిల్ ముదిరేసరికి ఒంగోలులో నీటి గొడవ రాజుకుంటుంది. వేసవి కోసం నీరు నిలవచేసే ఎస్ఎస్ ట్యాంకుల్లో మట్టం పడిపోయిందంటూ నగరపాలక సంస్థ సరఫరా రోజుల మధ్య ఎడం పెంచుతుంది. కుళాయిలకు మోటార్లు బిగించిన ఇళ్లపై తనిఖీలు చేస్తుంది, శివారు కాలనీలకు ట్యాంకర్లు తిప్పుతుంది. సాగర్ నీళ్లు వచ్చేదాకా సర్దుకోవాలని అధికారులు అంటారు. కాలువ మీద రైతులు మోటార్లు పెట్టి తోడేస్తున్నారని పట్టణంలో అంటారు. నగరం పేరు చెప్పి తమ పంటలు ఎండబెడుతున్నారని పల్లెల్లో అంటారు. ఈ మూడు మాటలూ ఏటా వినేవే. వీటి వెనకున్న కథ మాత్రం సగమే చెబుతారు.

నాగార్జున సాగర్ ఎప్పుడు కట్టారు, కుడి కాలువ ఎక్కడెక్కడ పారుతుంది అనేవి ఈ ప్రకాశం జిల్లాలో బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ పురాణం ఇక్కడ అక్కర్లేదు. అసలు కావలసింది చిన్న లెక్క ఒకటి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది దేశంలో అమలులో ఉన్న ప్రమాణం. 2011 జనాభా లెక్కల్లోనే ఒంగోలు రెండు లక్షలు దాటింది. ఇప్పుడు మూడు లక్షలనుకుందాం. రోజుకు నాలుగు కోట్ల లీటర్ల చొప్పున ఏడాదికి కావలసింది సుమారు అర టీఎంసీ (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). కృష్ణా నీటిని రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ కుడి కాలువకు కేటాయించిన నీరు 132 టీఎంసీలు. అందులో ఒంగోలు దాహం వందో వంతులో సగం కూడా కాదు. ఒక టీఎంసీతో పదివేల ఎకరాల ఆరుతడి పండుతుందన్న వాడుక లెక్క చూసినా, నగరం ఏడాది పొడవునా తాగే నీరు అయిదు వేల ఎకరాల పైరుకు సమానం. పదకొండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టున్న కాలువకు ఇదొక భారమా?

కాబట్టి నీరు లేక కుళాయి ఆగడం లేదు. ఆ అర టీఎంసీ కాలువ చిట్టచివర కావలసి రావడంతోనే చిక్కంతా. సాగర్ నుంచి వదిలిన నీరు పల్నాడు దాటి, జిల్లా సరిహద్దులో 85/3 మైలు (85వ మైలు, 3వ ఫర్లాంగు) వద్ద కొలతకు వచ్చి, దర్శి మీదుగా ఒంగోలు బ్రాంచి కాలువలోకి దిగి, చీమకుర్తి దగ్గరి రామతీర్థం జలాశయాన్ని తడిపి, అప్పుడు గానీ నగరం ట్యాంకుల దాకా రాదు. 85/3 అనే అంకె ఈ జిల్లా రైతులకు కంఠతా వచ్చు. పైన ఎన్ని వేల క్యూసెక్కులు వదిలారన్నది పత్రికల్లో వస్తుంది. 85/3 దగ్గర ఎన్ని దిగాయన్నది మాత్రం వెళ్లి చూసుకోవాలి. ప్రపంచ బ్యాంకు రుణంతో 2010లో సాగర్ కాలువల ఆధునికీకరణ మొదలుపెట్టారు. పథకం అంచనా 4,444 కోట్లు. ఆ తరువాత కూడా చివరి భూములకు ముందు వరస రాలేదు.

ఇలా చివర ఉన్న ఊరికి రెండో దారి ఒకటి ఉండాలి. ఒంగోలుకు ఉండింది కూడా. దాని పేరు గుండ్లకమ్మ.

మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర కట్టిన కందుల ఓబుల రెడ్డి గుండ్లకమ్మ జలాశయాన్ని 2008 నవంబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి జాతికి అంకితం చేశారు. మొత్తం సామర్థ్యం 3.85 టీఎంసీలు. ఎనభై వేల ఎకరాల ఆయకట్టుతో పాటు ఒంగోలుకూ, చుట్టుపక్కల పల్లెలకూ తాగునీరు దాని లక్ష్యాల్లో రాసి ఉంది. పైన చెప్పిన లెక్కన చూస్తే, ఆవిరిని పక్కన పెట్టి, ఒక్కసారి నిండిన గుండ్లకమ్మ ఒంగోలు ఏడేళ్లు తాగే నీటికి సమానం. నగరం సరిహద్దు దాటిన పొరుగు మండలంలోనే ఇంత నీరు ఉండగా, వంద కిలోమీటర్లకు పైగా అవతల రెండు రాష్ట్రాలు కొట్టుకునే డ్యామ్ వైపు చూడవలసి రావడం ఎందుకన్నది అడగవలసిన ప్రశ్న.

జవాబు 2022 ఆగస్టు 31 రాత్రి దొరుకుతుంది. ఆ రాత్రి గుండ్లకమ్మ 3వ నంబరు గేటు విరిగింది. జలాశయం నిండుగా ఉన్న వేళ అది. తుప్పు పట్టిన గేటు అంత నీటి బరువు మోయలేకపోయింది. నీరు దిగువకు, అక్కడి నుంచి సముద్రానికి పోయింది. దానిని ఆపే సాధనం కొత్తది కాదు. గేటుకు ముందు గాడిలో ఒకదాని మీద ఒకటి దించే ఇనుప పలకలు, అంటే స్టాప్‌లాగులు, ఇలాంటి సమయం కోసమే ఉంటాయి. అవి సిద్ధంగా ఉండి, గాడి శుభ్రంగా ఉండి, దించే క్రేను పనిచేస్తే పోయే నీటిని చాలావరకు ఆపవచ్చు. 2024 ఆగస్టు 10న తుంగభద్రలో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు, పారే నీటిలోనే వారం రోజుల్లో స్టాప్‌లాగు దించి నీటిని నిలబెట్టుకున్నారు. మల్లవరంలో ఆ తొందర కనిపించలేదు.

అంతకు ఏడాది ముందే, 2021 ఆగస్టు 5న, పులిచింతలలో 16వ గేటు కొట్టుకుపోయింది. అదే రాష్ట్రం, అదే జలవనరుల శాఖ. ఆ తరువాత ప్రతి ప్రాజెక్టులో గేట్లు, తాళ్లు, గ్రీజు, రంగు చూసుకోవాలన్న సంగతి చెప్పడానికి ఇంజినీరు అక్కర్లేదు. మల్లవరంలో ఎవరు చూశారో, చూసి ఏమి రాశారో గానీ, గేటు విరగడం మాత్రం అందరూ చూశారు.

ఇంకొక సంగతి గమనించాలి. గుండ్లకమ్మ గేటు విరిగిన ఆరు రోజులకే, 2022 సెప్టెంబరు 6న, పక్క జిల్లాలో పెన్నా మీద సంగం, నెల్లూరు బ్యారేజీలను ముఖ్యమంత్రి ప్రారంభించారు. అవి కావలసినవే, నెల్లూరు వారిని తప్పుపట్టేదేమీ లేదు. పైన 78 టీఎంసీల సోమశిల, ఊరి పక్కనే పెన్నా ఉన్న ఆ నగరం అదృష్టం వేరు. ఒంగోలు వారు మాత్రం ఆ వారం ఒక జిల్లాలో నీటి పండుగను, మరొక జిల్లాలో సముద్రంలోకి పోయే నీటిని ఒకే పత్రికలో చదువుకున్నారు.

తరువాత ఏమి జరిగింది? ఏడాదికి పైగా గడిచింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. వర్షాలకు గుండ్లకమ్మలోకి నీరు చేరింది. ఆ నెల 8న 2వ నంబరు గేటు కూడా పోయింది. మొదటిసారి గేటు పోవడాన్ని దురదృష్టం అని సర్దిచెప్పుకునే వీలు కొంతైనా ఉండేది. రెండోసారీ పోయాక ఆ మాట చెల్లదు. అప్పటి అధికార పక్షమూ, ప్రతిపక్షమూ గేట్ల నిర్వహణ ఎవరి హయాంలో పాడయిందన్న విషయం మీద మాటలు విసురుకున్నాయి. ఆ వాదన ఇక్కడ తిరిగి రాయడం వృథా. గేటుకు రంగు వేయని సంవత్సరాలు ఇద్దరి ఖాతాలోనూ ఉన్నాయి. 2024లో ప్రభుత్వం మారాక మరమ్మతులు చేపట్టారు. పట్టణాల తాగునీటి కోసం కేంద్రం తెచ్చిన అమృత్ పథకం కింద గుండ్లకమ్మ నీటిని నగరానికి తెచ్చే పని ఏళ్ల తరబడి నానిన సంగతి కూడా ఈ కథలో భాగమే. జలాశయంలో నీరు నిలవనప్పుడు పైపులైను ఎందుకు ఆలస్యమైందని గట్టిగా అడిగేవారు ఉండరు. పైపులైను లేనప్పుడు జలాశయం ఎందుకు ఖాళీ అయిందని నగరంలో ఎవరూ అడగరు. ఆలస్యాలు ఒకదానికొకటి ఇలా కాపు కాసుకున్నాయి.

రెండోసారి గేటు విరిగిన కాలంలోనే సాగర్ వైపు ఏమవుతోందో చూస్తే, నగరం ఎంత ఇరుకులో పడిందో అర్థమవుతుంది. రాష్ట్ర విభజన తరువాత కృష్ణా నీటి పంపకానికి 2015లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 టీఎంసీలని ఒక ఏడాదికి సరిపడే ఏర్పాటు చేసుకున్నారు. ఏటా దాన్నే పొడిగించుకుంటూ వచ్చారు. 2023లో వానలు మొహం చాటేశాయి. ఆ ఏడాది నవంబరు 29 అర్ధరాత్రి దాటాక ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీదికి వెళ్లి 13 గేట్ల వైపు భాగాన్ని అధీనంలోకి తీసుకున్నారు. కుడి కాలువకు నీరు వదిలారు. తాగునీటి కోసమే అని ప్రభుత్వం చెప్పింది. తరువాత కేంద్ర బలగాలు డ్యామ్‌ను చేతుల్లోకి తీసుకున్నాయి. 2024 ఏప్రిల్‌లో, రెండు రాష్ట్రాల నీటి పంపకం చూసే కృష్ణా బోర్డు కమిటీ కూర్చుని, సాగర్‌లో 500 అడుగుల పైన మిగిలిన 14 టీఎంసీల్లో తెలంగాణకు 8.5, ఆంధ్రకు 5.5 అని తేల్చింది. ఆ 5.5లో పల్నాడు, గుంటూరు, బాపట్ల, ప్రకాశం జిల్లాల దాహం అంతా ఇమడాలి. చివరన ఉన్న ఒంగోలు దాకా ఎంత వస్తుందో ఊహించుకోవచ్చు. పక్కన గుండ్లకమ్మలో ఒక్క టీఎంసీ నిలిచి ఉంటే, ఆ వేసవి ఢిల్లీ, హైదరాబాదుల వైపు అంతగా చూడవలసి వచ్చేదే కాదు.

ఇక కాలువ మీది రైతుల మాట. పట్టణంలో దీన్ని పూర్తిగా వినేవారు తక్కువ గనుక కాస్త చోటివ్వాలి. వారు చెప్పేది క్లుప్తంగా ఇది: సాగర్ నీరు వదిలినప్పుడు ముందుగా చెరువులూ, ఎస్ఎస్ ట్యాంకులూ నింపాలంటారు, అందుకు అభ్యంతరం లేదు. కానీ తాగునీరు అని చెప్పి వదిలిన నీటికి ఎన్ని రోజులు, ఎంత పరిమాణం అన్నది ముందుగా చెప్పరు. మిర్చి, పొగాకు, శనగ వేసుకున్నవాడికి చివరి తడి ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. తెలియనప్పుడు పక్కన పారే నీటిలో ఇంజను వేస్తాడు. అది తప్పే. తప్పని వారూ ఒప్పుకుంటారు. కానీ కాలువ గట్టున ఇంజన్లు పట్టుకోవడానికి పోలీసులనూ, రెవెన్యూ సిబ్బందినీ పంపే శాఖలు, పైన పల్నాడు వైపు తూముల దగ్గర అదే పట్టుదల చూపాయా అన్నది వారి ప్రశ్న. గుండ్లకమ్మ కింది రైతుల బాధ ఇంకా ముక్కుసూటిది. గేటు విరిగి రబీ పోయింది వారిది. జలాశయంలో చేపలు పట్టుకునే కుటుంబాల బతుకు పోయింది. నష్టపోయినవారిని పక్కన పెట్టి, నీటి దొంగలంటూ వేలు చూపించడం సులువైన పని.

అధికారుల మాటలోనూ నిజం లేకపోలేదు. కుళాయికి నేరుగా మోటారు పెడితే వీధి చివరి ఇంటికి చుక్క రాదు. ఇది ప్రతి వీధిలో జరిగేదే, తనిఖీ చేయవలసిందే. సంపులున్న ఇల్లు రెండు రోజుల నీరు పట్టి పెట్టుకుంటుంది, బిందెలే ఆధారమైన ఇల్లు పట్టలేదు. రోజు మార్చి రోజు నీరు అన్న ఏర్పాటు కాగితం మీద అందరికీ సమానం. ఇంటి వెనక వెయ్యి లీటర్ల ట్యాంకు ఉన్నవాడికీ, పబ్లిక్ కుళాయి దగ్గర నిలబడేవారికీ అది ఒకటి కాదు. నియంత్రణల ప్రకటనల్లో ఈ తేడా సాధారణంగా కనిపించదు.

శివారు సంగతి ఇక్కడే చెప్పాలి. ఒంగోలు 2012లో నగరపాలక సంస్థ అయింది. చుట్టూ ఉన్న గ్రామాలు కలిశాయి. పన్ను నోటీసులు ముందుగా వెళ్లాయి, పైపులు తరువాత. కలిసిన ఊళ్లలో చాలా చోట్ల పాత పంచాయతీ బోర్లే దిక్కు. సముద్రం దగ్గరి నేల కావడంతో లోతుకు పోయేకొద్దీ ఉప్పు తగులుతుంది. కొత్త బోర్లు వేసుకోవాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. అందుకే ట్యాంకరు, ఇరవై లీటర్ల టిన్ను ఈ ఊళ్ల బడ్జెట్‌లో విడదీయలేని అంశాలయ్యాయి. సరఫరా ఎడం పెరిగినప్పుడల్లా ఆ ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందో లెక్క వేసే కాగితం ఎవరి దగ్గరా లేదు.

వెలిగొండ వస్తే అంతా సర్దుకుంటుందని కొందరు అంటారు. 43.5 టీఎంసీల ఆ ప్రాజెక్టు పడమటి ప్రకాశం కోసం. మార్కాపురం, కనిగిరి, గిద్దలూరు మెట్టలు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న నీరు అది. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసినా పొలాలకు నీరు వేరే సంగతి. ఒంగోలు తన అర టీఎంసీ కోసం ఆ మెట్టవారి వరసలో దూరాలనుకోవడం న్యాయం కాదు, అవసరమూ లేదు.

ఇప్పుడు వివాదం అసలు నిలిచేది ఒకే చోట. గుండ్లకమ్మ నిండాక రబీకి ఎంత వదలాలి, నగరానికి ఎంత నిలపాలి అన్నది కలెక్టరు అధ్యక్షతన జరిగే సాగునీటి సలహా మండలిలో తేలాలి. నగరం వాటా ఎన్ని మిలియన్ ఘనపుటడుగులో, దానికి జలాశయం మట్టం ఎన్ని అడుగుల దగ్గర ఆగాలో రాతపూర్వకంగా నిర్ణయిస్తే, రైతుకు మిగిలేది ఎంతో ముందే తెలుస్తుంది, పైరు దానికి తగ్గట్టు వేసుకుంటాడు. ఆ మట్టం రాయకుండా గేట్లు మాత్రం బాగుచేస్తే, వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ కాలువ గట్టు మీద ఇంజన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. 85/3 దగ్గర రోజూ నమోదయ్యే కొలతనూ, మల్లవరం మట్టాన్నీ ఒకే పలక మీద నగరపాలక సంస్థ గుమ్మం ముందు రాసిపెట్టడానికి కోట్లు అక్కర్లేదు, సుద్దముక్క చాలు.