కానోపీ లాచ్: హ్యాండిల్ ముందుకు పడితే లాక్ పడినట్టేనా?

కిట్ తెప్పించుకుని సొంతంగా కట్టుకున్న చిన్న విమానాల మెయింటెనెన్స్ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, ఉండేది హైదరాబాద్‌లోనే. బేగంపేటలో వింగ్స్ ఇండియా జరిగినప్పుడల్లా తెలిసినవాళ్ళు ఇంజిన్ గురించి అడుగుతారు, మైలేజీ అడుగుతారు, పారాచూట్ ఉందా అని అడుగుతారు. కానోపీ గడియ గురించి మాత్రం ఎవరూ అడగరు. పైలట్ తల మీద ఉండే అక్రిలిక్ మూతే కానోపీ. దాన్ని పట్టి ఉంచే లాచ్ చూడటానికి బీరువా గొళ్ళెం అంత ఉంటుంది. దాని మీద ఉన్న అపోహలు మాత్రం చాలానే ఉన్నాయి, నాకు ఎక్కువగా ఎదురయ్యేవి రాస్తున్నాను.

అపోహ: హ్యాండిల్ పూర్తిగా ముందుకు పడింది, టక్ మని వినిపించింది, ఇంక లాక్ పడినట్టే.

ఒక మే నెల మధ్యాహ్నం నాకు తెలిసిన ఒకాయన రెండు సీట్ల విమానం. కానోపీ ముందువైపు కీలు మీద పైకి లేచే రకం. ఆయన మూత దించి, హ్యాండిల్ తోసి, "అన్నా, లాక్ పడ్డది, పోదాం" అన్నాడు. నాకున్న అలవాటు కొద్దీ లోపలి నుంచి ఎడమ వెనక మూలని రెండు వేళ్ళతో పైకి నెట్టాను. అగ్గిపుల్ల మందం లేచింది. హ్యాండిల్ చూస్తే ఎక్కడుండాలో అక్కడే ఉంది. హ్యాండిల్ తోస్తే రెండు వైపులా ఉన్న పిన్నులు ఫ్రేము బ్రాకెట్ల రంధ్రాల్లోకి వెళ్ళాలి, అదే లాక్. దిగి వెళ్ళి చూస్తే కుడి పిన్ను రంధ్రంలోకి వెళ్ళింది, ఎడమ పిన్ను మాత్రం వెళ్ళకుండా బ్రాకెట్ అంచు మీద కూర్చుంది. ఆ అంచు మీద తెల్ల పెయింట్ అర్ధచంద్రాకారంలో అరిగిపోయి కింద అల్యూమినియం మెరుస్తోంది. అంటే అలా కూర్చోవడం అదే మొదటిసారి కాదు, అలాగే కొన్నిసార్లు ఎగిరాడు కూడా. ఆ మెరుపు చూశాక నాకు కాసేపు మాట రాలేదు.

హ్యాండిల్ చెప్పేది హ్యాండిల్ సంగతి మాత్రమే. దాని నుంచి పిన్ను దాకా మధ్యలో రాడ్డు ఉంటుంది, జాయింట్లు ఉంటాయి, వాటిలో కొంచెం లూజు ఉంటుంది. ఒక పిన్ను దారి తప్పినా రాడ్డు కాస్త వంగి హ్యాండిల్‌ని చివరిదాకా వెళ్ళనిస్తుంది. ఆర్‌వీ-10 అనే నాలుగు సీట్ల కిట్ విమానంలో తలుపులు పైకి లేస్తాయి, ఒక్కో తలుపుకి ముందొక పిన్ను, వెనకొక పిన్ను. వెనక పిన్ను ఫ్రేములోకి వెళ్ళకుండా బయటే ఉండిపోయి, గాల్లో తలుపు ఊడి పడిపోయిన సంఘటనలు జరిగాయి. ఆ తర్వాతే తయారీ సంస్థ వ్యాన్స్ అదనంగా ఇంకో లాచ్ తెచ్చింది.

కాబట్టి పిన్నుని కంటితో చూడండి, కనపడకపోతే వేలితో తడమండి. ఆ తర్వాత రెండు చేతులతో ప్రతి మూలనీ పైకి గట్టిగా నెట్టండి. పది సెకన్ల పని. పక్క సీట్లో మనిషి ఉంటే అటువైపు మూల ఆయన చేత నెట్టించి, "కదల్లేదు" అని నోటితో చెప్పించుకోండి.

అపోహ: ఎదురుగాలికి కానోపీ దానంతటదే నొక్కుకుని కూర్చుంటుంది.

కారు బానెట్‌తో పోల్చి ఈ మాట అంటారు. నిజానికి కానోపీ మీదుగా వంపు తిరిగి వెళ్ళే గాలి వేగం పెరిగి అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, రెక్క మీద జరిగేదే ఇక్కడా జరుగుతుంది. అంటే గాలి మూతని పైకి లాగుతుంది. 60 నాట్ల (గంటకి దాదాపు 110 కిలోమీటర్ల) వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకి దాదాపు 60 కిలోల బరువుతో సమానం, 100 నాట్లకి వచ్చేసరికి అది 165 కిలోలు దాటుతుంది. కానోపీ మీద పనిచేసే లాగుడు అందులో సగమే అనుకున్నా, అంత బరువుని ఆపుతున్నది రెండు చిన్న పిన్నులే. వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. టాక్సీ చేస్తున్నంతసేపూ, అంటే నేల మీద నడుపుతున్నంతసేపూ, బుద్ధిగా ఉన్న కానోపీ, సరిగ్గా ముక్కు ఎత్తి నేల వదిలే క్షణంలో ఎగిరిపడటానికి కారణం ఇదే: వేగం పెరిగి ఉంటుంది, ముక్కు లేవడంతో గాలి తాకే కోణం కూడా మారిపోతుంది. పైలట్ చేతినిండా పని ఉండే సమయం అదే.

అపోహ: ముందు కీలు ఉన్న రకమైతే తెరుచుకున్నా ఏం కాదు.

చాలా డిజైన్లలో అది కొన్ని అంగుళాలు లేచి అక్కడే తేలుతూ ఉంటుందన్నది నిజమే. అయితే అన్నిటికీ ఇది వర్తించదు. లేచిన మూత వెనక గాలి చెదిరి, ఆ చెదిరిన గాలి తోక మీద పడితే విమానం ముక్కు ఊగుతుంది, కంట్రోల్స్ తేడాగా అనిపిస్తాయి. లాన్‌కేర్ లెగసీ అనే కిట్ విమానం కానోపీ ముందు కీలుదే, అది గాల్లో తెరుచుకున్నాక ప్రాణాలు పోయిన ప్రమాదాలు ఉన్నాయి. పక్కకి తెరుచుకునే రకం ఇంకా ప్రమాదం, గాలి దాన్ని పూర్తిగా తిప్పేస్తుంది. బర్ట్ రూటన్ డిజైన్ చేసిన లాంగ్-ఈజీ అనే చిన్న విమానం కానోపీ అలాంటిదే, అందుకే అందులో మెయిన్ లాచ్ వదిలేసినా మూతని పట్టుకునేలా రెండో సేఫ్టీ క్యాచ్ పెట్టారు, లాచ్ వేయకుండా త్రాటిల్ (ఇంజిన్ పవర్ పెంచే లీవరు) ముందుకి నెడితే హెచ్చరిక మోగే ఏర్పాటు కూడా ఉంది. వెనక్కి జరిగే స్లైడర్ రకం కాస్త నయం. మీది ఏ రకమో, అదే మోడల్ ఎగరేసేవాళ్ళకి ఏం అనుభవమైందో కొనేముందే కనుక్కోండి.

అపోహ: తెరుచుకుంటే వెంటనే మూసెయ్యాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఒక్కసారిగా పెద్ద మోత, ముఖం మీద కొట్టే గాలి, మ్యాప్ ఎగిరిపోతుంది, హెడ్‌సెట్ లాగేసినట్టవుతుంది, కళ్ళజోడు ఉంటే అదీ పోవచ్చు. ఆ టెన్షన్‌లో ఎవరి చెయ్యైనా లాచ్ వైపే వెళ్తుంది. చెయ్యి వెళ్ళిన చోటికే చూపు వెళ్తుంది. ఇంకో చేతిలో ఉన్న స్టిక్ (విమానాన్ని తిప్పే కర్ర) తెలియకుండానే వెనక్కి వస్తుంది, నేల నుంచి రెండు మూడు వందల అడుగుల ఎత్తులో వేగం పడిపోతుంది, స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయి. అంత తక్కువ ఎత్తులో మళ్ళీ తేరుకోవడానికి చోటుండదు. తెరుచుకున్న తలుపు కంటే దానికి పైలట్ స్పందించే తీరే ఎక్కువ ప్రమాదమని, సీటు బెల్టు విప్పి మూయడానికి ప్రయత్నించొద్దని, తలుపుని అలా వదిలేసి వీలైనంత త్వరగా దిగమని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లకిచ్చే సూచనల్లో ఉంది. పైగా 80, 100 కిలోల లాగుడుని ఒంటిచేత్తో కిందికి దించడం ఎవరి తరమూ కాదు.

ఇంకా రన్‌వే మీదే ఉండి, ముందు చాలినంత దూరం మిగిలి ఉంటే త్రాటిల్ మూసి ఆపెయ్యండి. నేల వదిలేశారా, ఇంక మూత సంగతి మర్చిపోండి. ముక్కు ఎక్కడుంది, వేగం ఎంతుంది, ఈ రెండే చూడండి. డ్రాగ్ (గాలి వెనక్కి లాగడం) పెరుగుతుంది కాబట్టి ఎక్కడం నెమ్మదిస్తుంది, పవర్ తగ్గించకండి. సర్క్యూట్ ఎత్తుకి, అంటే దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే ఎత్తుకి, వచ్చాక మెల్లగా, తక్కువ వాలుతో తిరగండి. దిగే వేగానికి తగ్గించినప్పుడు విమానం ఎలా ప్రవర్తిస్తుందో రన్‌వే మీదకి వచ్చాక తెలుసుకోవడం కాదు, ఎత్తులో ఉండగానే చూసుకోండి. మా హైదరాబాద్ పక్కన నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ వైపు ఒకప్పుడు కింద పొలాలే ఉండేవి, ఇప్పుడు చుట్టూ ఇళ్ళు, వెంచర్లు, తేడా వస్తే దించుకోవడానికి చోటు తక్కువ. ఇవన్నీ అప్పటికప్పుడు ఆలోచించే టైం దొరకదు. టేకాఫ్‌కి ముందు "కానోపీ తెరుచుకుంటే వదిలేస్తాను, విమానం ఎగరేస్తాను" అని బయటికి అనుకోమని నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికీ చెప్తాను.

అపోహ: ఒకసారి సెట్ చేస్తే చాలు.

పైన చెప్పిన ఆ మే నెల విమానం దగ్గరికే వస్తాను. దాని లాచ్ సెట్ చేసింది డిసెంబరు పొద్దున. ఎండలో నిలబెట్టిన కానోపీ ఆ చలి పొద్దుటి కంటే 35 డిగ్రీలు ఎక్కువ వేడెక్కడం మన ఊళ్ళో మామూలే. అంత తేడాకి మీటరు పొడవు అక్రిలిక్ దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది, అదే పొడవు అల్యూమినియం ఒక మిల్లీమీటరు కూడా సాగదు. ఆ తేడా ఫ్రేముని ఎటో ఒకవైపు నెడుతుంది, పిన్ను రంధ్రం తప్పుతుంది.

దీనికి చాలామంది చేసే పని రంధ్రాన్ని ఫైలుతో పెద్దది చేయడం. దయచేసి అది చెయ్యకండి, ఎండలో సులువుగా పడుతుంది, చలిలో లొడలొడలాడుతుంది. పిన్ను కొసని కాస్త సన్నగా కోసుగా చేయించండి, బ్రాకెట్ కింద షిమ్ములతో (ఎత్తు సరిచేసే పల్చటి రేకులతో) సర్దండి, చల్లగా ఉన్నప్పుడూ ఎండలోనూ రెండుసార్లూ వేసి చూడండి. అక్రిలిక్‌లో స్క్రూ రంధ్రాలు స్క్రూ కంటే పెద్దవిగా ఉండాలి, అది సాగడానికి చోటు కావాలి కదా. స్క్రూ మరీ బిగిస్తే అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. అసిటోన్, పెట్రోలు, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు అక్రిలిక్ దగ్గరికి రానివ్వకండి. లాచ్ బోల్టు పోతే రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపులకి వెళ్ళి అదే సైజుది తెచ్చి బిగించినవాళ్ళని చూశాను. సైజు ఒకటే కావచ్చు, గ్రేడు ఒకటి కాదు. డ్రాయింగ్‌లో ఏది రాసి ఉంటే అదే వెయ్యాలి.

అపోహ: వార్నింగ్ లైటు పెట్టించాను, ఇంక భయం లేదు.

ఆ లైటుని వెలిగించే చిన్న స్విచ్, మైక్రోస్విచ్, ఎక్కడ పెట్టారు? హ్యాండిల్ దగ్గర పెడితే అది హ్యాండిల్ సంగతే చెప్తుంది, ఫ్రేము అంచున పెడితే మూత దిగిందని మాత్రమే చెప్తుంది. స్విచ్‌ని పిన్ను కొస నొక్కాలి, రంధ్రం దాటి అవతలికి వచ్చాక నొక్కాలి, ఎన్ని పిన్నులుంటే అన్ని స్విచ్‌లు కావాలి. ఆ మే నెల విమానంలోనూ లైటు ఉంది. హ్యాండిల్ దగ్గర పెట్టిన స్విచ్, పచ్చగా వెలుగుతోంది.

అపోహ: లాచ్ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

దిగేటప్పుడు విమానం బోర్లా పడితే, మంట లేస్తే, అదే లాచ్‌ని మీరు లోపలి నుంచి, సాయానికి వచ్చిన మనిషి బయటి నుంచి తియ్యగలగాలి. బయట హ్యాండిల్ ఎటు తిప్పాలో బాణం గుర్తు వేసి, తెలుగులో కూడా రాయించండి, పరిగెత్తుకొచ్చేది పక్క చేలో రైతు కావచ్చు. అక్రిలిక్ పగలగొట్టే చిన్న సుత్తి చేతికందే చోట క్లిప్పు పెట్టి బిగించండి. సెస్నా 172 అనే తలుపులున్న చిన్న విమానంలో అత్యవసరంగా దిగేముందు తలుపులు తీసి ఉంచమంటారని కానోపీకి కూడా అదే రూలు పెట్టుకోకండి, మీ మోడల్ మాన్యువల్ ఏం చెప్తే అదే చెయ్యండి.

ఆ రోజు మేం ఎగరలేదు. విమానాన్ని హ్యాంగర్లోకి నెట్టి, ఎడమ బ్రాకెట్ విప్పి, షిమ్ము వేసి, స్విచ్‌లు పిన్నుల అవతలికి మార్చేసరికి రెండు రోజులు పట్టింది. అరిగిన ఆ పెయింట్ మీద మళ్ళీ రంగు వేయించాడాయన. ఇప్పుడు ఎక్కే ముందు ప్రతిసారీ ఆ అంచు చూస్తాడు, కొత్త గీత పడిందేమోనని.