ఫోను లాక్కుంటే సరిపోతుందా? పిల్లల ఆన్‌లైన్ భద్రతపై అపోహలు - వాస్తవాలు

వరంగల్, హనుమకొండ, నర్సంపేట వైపు బడులకు వెళ్లి ఆన్‌లైన్ భద్రత గురించి పిల్లలతో మాట్లాడటం నా పని. గంట కొట్టే ముందు చీటీలు పంచి, పేరు రాయవద్దని చెప్పి, ఒకే ప్రశ్న అడుగుతాను: ఫోనులో ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెబుతావు? "ఎవరికీ చెప్పను, చెబితే ఫోను లాక్కుంటారు" అన్న జవాబు రాని తరగతి నాకు ఇంతవరకు తగలలేదు. ఆ చీటీలు సంచిలో పెట్టుకుని తల్లిదండ్రుల సమావేశానికి వెళ్తే అక్కడ వినిపించే మాటలు ఇవి.

అపోహ: మా పిల్లలకు ఫోను కొనివ్వలేదు, మాకు ఆ బాధ లేదు.

కొనివ్వకపోవడం వేరు, అందకపోవడం వేరు. మిర్చి కాలంలో నాన్న ఏనుమాముల మార్కెట్‌లో బస్తాల దగ్గరే రాత్రి పడుకుంటే, ఇంట్లో అమ్మ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? అమ్మమ్మకు యూపీఐ పెట్టిచ్చింది ఎవరు, ఆ పిన్ గుర్తుంచుకున్నది ఎవరు? ఇంటికంతటికీ ఒకే ఫోను, ఒకే ఖాతా ఉన్నచోట పెద్దలు రాత్రి చూసిన వీడియోల తరహావే పొద్దున పిల్లల ముందుకు వస్తాయి. పైగా దొంగచాటుగా చూసిన పిల్లవాడు ఏదైనా జరిగితే అసలే నోరు విప్పడు.

అపోహ: వయసు ఎక్కువ వేసి ఖాతా తెరిస్తే ఏమవుతుంది?

ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13. ఆరో తరగతి పిల్ల 1998లో పుట్టినట్టు రాసుకుంటే, టీనేజీ ఖాతాలకు ఆ యాప్ తనంతట తానే పెట్టే కట్టుబాట్లు ఆమెకు వర్తించకుండా పోవచ్చు. ఖాతా ప్రైవేటుగా ఉండటం, పరిచయం లేనివారి సందేశాలను ఆపడం అందులోవే. యాప్ లెక్కలో ఆమె ఉద్యోగం చేసుకునే మనిషి మరి.

అపోహ: ఫొటో చూపి బెదిరిస్తే ఎంతో కొంత ఇచ్చి వదిలించుకోవాలి.

డబ్బు ఇస్తే ఆ ఇంట్లో డబ్బూ ఉంది, భయమూ ఉందని అవతలివాడికి తెలిసిపోతుంది. మళ్లీ అడుగుతాడు. ఇక విషయం బయటపడిన మొదటి గంటలో ఇళ్లలో జరిగేది దాదాపు ఒకటే: నాన్న ఫోను నేలకేసి కొడతాడు, అమ్మ కంగారులో చాటింగ్ అంతా చెరిపేస్తుంది. సాక్ష్యం ఆ రెండు చేతుల్లోనే పోతుంది. ఖాతా పేరు, దాని లింకు, నంబరు, డబ్బు అడిగిన యూపీఐ ఐడీ, తేదీ, సమయం ముందు ఒక కాగితం మీద రాసుకోండి. బ్లాక్ చేయడం ఆ తర్వాత. పిల్లల హెల్ప్‌లైన్ 1098. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

టీచర్లకూ చెప్పాల్సింది ఒకటుంది. పిల్లల నగ్న చిత్రాన్ని సహాయం కోసమైనా సరే ఎవరికీ పంపవద్దు, పంపించుకోవద్దు. పంపిన ప్రతిసారీ అది ఇంకో ఫోనులో చేరుతుంది, పైగా ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద అది నేరం. పిల్లల లైంగిక దృశ్యాలను తొలగించకుండా, ఫిర్యాదు చేయకుండా దగ్గర ఉంచుకోవడం పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం) కింద నేరం కాగలదని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కాబట్టి ఆ ఫోనునే పోలీసులకు చూపాలి.

18 ఏళ్లు నిండకముందు తీసిన చిత్రమైతే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. అమెరికాకు చెందిన ఒక పిల్లల రక్షణ సంస్థ దాన్ని నడుపుతోంది. చిత్రం మన ఫోను దాటి వెళ్లదు. దానికి వేలిముద్ర లాంటి సంకేతం ఒకటి తయారై వెళ్తుంది, ఆ ఏర్పాటులో చేరిన యాప్‌లు దాన్ని బట్టి వెతికి చిత్రాన్ని తీసేస్తాయి. వాట్సాప్ చాటింగ్‌లలో తిరిగేదాన్ని మాత్రం ఇది పట్టలేదు.

అపోహ: పోలీసుల దాకా వెళ్తే బడి పరువు, పిల్ల పేరు రెండూ పోతాయి.

'మేమే సర్దుకుంటాం' అనే అధికారం బడికి లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు. తన కింద పనిచేసే వ్యక్తి చేసిన నేరాన్ని దాచిన సంస్థ పెద్దకైతే ఏడాది వరకు. స్టేషన్ అంటే భయపడే తల్లిదండ్రులకు నేను చెప్పేది అదే చట్టంలోని మరో సంగతి: పిల్ల వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, ఆమె కోరిన చోటో తీసుకోవాలి, ఆ అధికారి యూనిఫాంలో ఉండకూడదు, పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, ఫొటో పత్రికల్లో వేయడం నిషిద్ధం.

అపోహ: బడి పేజీలో బతుకమ్మ ఫొటోలు పెడితే తప్పేమిటి?

పండుగ ఫొటోలో తప్పు లేదు. దాని కింద పేరు, తరగతి, మెడలో ఐడీ కార్డు, వెనకాల బడి వ్యాను నంబరు కనిపించడంతోనే నా గొడవ. ఫలితాలు వచ్చిన మర్నాడు హనుమకొండ చౌరస్తాలో నిలబడితే పిల్లల మొహాలు, మార్కులు ఫ్లెక్సీల మీద చదువుకోవచ్చు, అవే సాయంత్రానికి ఫేస్‌బుక్‌లో ఉంటాయి. ర్యాంకు వచ్చిన పిల్లను ఒక్కసారైనా "పెట్టమంటావా?" అని అడిగిన యాజమాన్యం నాకు అరుదుగా కనిపించింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్లు నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి అడగమంటుంది. దూరం నుంచి తీసిన గుంపు ఫొటో పెట్టండి, పేర్లు వద్దు. పండుగ కళ ఏమీ తగ్గదు.

అపోహ: మాకు ఫోనే సరిగ్గా రాదు, పిల్లలను మేమేమి కాపాడతాం?

ఈ మాట అన్నవాళ్లకు పరకాల దగ్గరి ఒక బడిలో వచ్చిన చీటీ చదివి వినిపిస్తాను. ఏడో తరగతి దస్తూరీ. "మా తాతకు చెబుతాను. ఆయనకు ఫోను రాదు. అందుకే తిట్టడు, ముందు మొత్తం వింటాడు."