గంటకి 40 నిమిషాలే చూపించే గడియారం

1970లు, 80లలో ఎలక్ట్రానిక్స్ పిచ్చి ఉన్నవాళ్లు ఇంట్లోనే సోల్డర్ చేసుకున్న డిజిటల్ గడియారాల్లో చాలావాటికి సొంతంగా టైమ్ తెలియదు. లోపల టైమ్ కొలిచే క్వార్ట్జ్ స్ఫటికం ఉండదు. మన కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది కదా, ఆ ఊపులనే లెక్కపెడతాయి. లెక్కపెట్టే పని 7490 చిప్పులది. లెక్కని అంకెలుగా వెలిగించేది 7447.

గడియారం మొత్తాన్నీ ఒకే చిప్పులో ఇమిడ్చిన ఎంఎం5314 లాంటిది పోతే చేసేదేమీ లేదు, ఇంకో పాత చిప్పు వెతుక్కోవాల్సిందే. 7490లతో కట్టినదాంట్లో మాత్రం తప్పు ఎక్కడుందో డిస్‌ప్లేయే చెప్పేస్తుంది.

నిమిషాల్లో పదుల అంకెనే తీసుకోండి. అది 5 దాటకూడదు. 7490 మామూలుగా 9 దాకా పోతుంది కాబట్టి, 6 రాగానే సున్నాకి తిప్పేలా వైర్లు కలుపుతారు. బైనరీలో, అంటే 0, 1లతోనే రాసే లెక్కలో, 6 అంటే 0110. ఇందులో మధ్యలో ఉన్న రెండు అవుట్‌పుట్లూ (4ని చూపే 8వ పిన్ను, 2ని చూపే 9వ పిన్ను) కలిసి ఆన్ అయ్యేది మొదటిసారి అక్కడే. వాటిని రీసెట్ పిన్నులైన 2, 3లకి కలిపితే పని అయిపోతుంది; ఆ రెండూ ఆన్ అయితేనే అంకె సున్నాకి తిరుగుతుంది.

ఇప్పుడు 39వ నిమిషం దాటగానే గంట మారిపోతోందనుకోండి. చిప్పు కాలిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు. 7490 లాంటి ఈ చిప్పులకో (వీటిని టీటీఎల్ రకం అంటారు) గుణం ఉంది: ఇన్‌పుట్‌కి వచ్చే వైరు ఊడిపోతే దాన్ని ఆన్ కిందే లెక్కేసుకుంటాయి. 9వ పిన్ను వైరు ఊడితే ఇక 8వది ఒక్కటే ఆన్ అయినా రీసెట్ అయిపోతుంది. అది 4 దగ్గరే జరుగుతుంది, అందుకే గంటకి 40 నిమిషాలు. అలాకాక 8వ పిన్ను వైరు ఊడితే ఆ అంకె 0, 1, 0, 1 అంటూ అక్కడే తిరుగుతుంది, గంట అసలు మారదు. సోల్డర్ మళ్లీ పెట్టడమో, చిలుము పట్టిన సాకెట్ శుభ్రం చేయడమో చాలు.

గడియారం ఫాస్ట్‌గా పరిగెడితే నా అనుమానం ముందు పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్ మీదికే పోతుంది. ఏళ్లు గడిచి అది ఎండిపోతే 5 వోల్టులు నిలకడగా ఉండవు, లేని ఊపుల్ని కూడా చిప్పులు లెక్కపెడతాయి. రిపేరుకి దిగేముందు ప్లగ్గు తీసేయండి, ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల 230 వోల్టులుంటాయి.

స్లో అయితే తప్పు గడియారానిది కాకపోవచ్చు. 1990లలో దక్షిణాది గ్రిడ్‌లో కరెంటు చాలక ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఊపుల సంఖ్య) తరచూ 49 కిందికి జారేది. రోజంతా 49 దగ్గర ఉంటే చాలు, గడియారం దాదాపు 29 నిమిషాలు వెనకబడుతుంది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైన్‌తో మన గ్రిడ్ దేశమంతటి గ్రిడ్‌తో కలిసింది. ఇప్పుడు ఫ్రీక్వెన్సీ 50కి బాగా దగ్గరగా ఉంటోంది. కాబట్టి అప్పట్లో విసుగొచ్చి అటక మీద పడేసిన గడియారం ఇప్పుడు దించితే అప్పటికంటే సరిగ్గా నడవచ్చు!

అంకెలో ఏదైనా గీత వెలగకపోతే 7447లో 3వ పిన్నుని గ్రౌండ్‌కి తాకించండి. మొత్తం 8 వెలగాలి. వెలగని గీత ఉంటే ఎల్ఈడీ, రెసిస్టర్, చిప్పు, ఈ మూడింట్లో ఒకటి పోయినట్టు. 7447 దొరక్క 74247 పెడితే గడియారం నడుస్తుంది కానీ, ఆ ఒక్క అంకెలో 6కి తలకట్టు, 9కి తోక వచ్చి పక్కవాటితో కలవదు. అది నచ్చనివాళ్లు అన్ని అంకెలకీ 74247లే మార్చేస్తారు.