తులౌ గోడల వెనక కథ

చైనాలోని ఫూజియన్ రాష్ట్రం నైరుతి కొండల్లో తులౌ అనే మట్టి కోటలు వేలల్లో ఉన్నాయి. 2008లో యునెస్కో జాబితాకెక్కినవి 46. మిగతావాటిలో చాలావాటికి ఇప్పుడు కప్పు కారుతోంది. బాగు చేయించడం ఎందుకంత కష్టమో తెలియాలంటే అవి కట్టిన తీరు, పంచుకున్న తీరు తెలియాలి.

దొంగల దాడులు, వంశాల కొట్లాటల వల్ల ఒకే ఇంటిపేరు వాళ్లంతా ఒకే గోడ లోపల చేరారు. ద్వారం సాధారణంగా ఒక్కటే. తలుపుకు ఎవరైనా నిప్పుపెడితే ఆర్పడానికి కొన్నిటికి పైన నీళ్ల తొట్టి. ఆ కొండల్లోని యోంగ్‌డింగ్ ప్రాంతంలో 1709లో పూర్తయిన చెంగ్‌చీలౌ అనే గుండ్రటి తులౌ బయటి వలయానికి నాలుగంతస్తులు, అంతస్తుకు 72 గదులు. వాటాలు నిలువున కోశారు: కింద వంటిల్లు, పైన ధాన్యపు కొట్టు, ఆపైన పడకగదులు. మెట్లు మాత్రం ఉమ్మడి.

పునాదికి ఏటి రాళ్లు. పైన చెక్క అచ్చులో మట్టి పోసి, మధ్యమధ్య వెదురు బద్దలు పరిచి, దిమ్మిసతో కొట్టారు. కొన్నిచోట్ల సున్నం, బంకబియ్యం గంజి, బెల్లం కలిపారు (పాత గచ్చు పని తెలిసిన మన మేస్త్రీలకు బెల్లం కొత్తేమీ కాదు). ఎండ తగిలే వైపు ముందే గట్టిపడుతుంది, నీడ వైపు మెత్తగా ఉండి బరువుకు అణుగుతుంది, గోడ అటు ఒరుగుతుంది. అందుకే పనివాళ్లు మొదట్లోనే ఎండ వైపు కాస్త వాల్చి కట్టేవారు.

ఇంత పనికి కొండ పొలాల వరి ఒక్కటే చాలదు. యోంగ్‌డింగ్ పొగాకు దూరదేశాలకు వెళ్లేది. 1912లో జెన్‌చెంగ్‌లౌ అనే తులౌ కట్టిన లిన్ కుటుంబం పొగాకు తరిగే కత్తుల వ్యాపారంలో సంపాదించింది. మనుషులూ వెళ్లారు. టైగర్ బామ్‌ను ఊరూరా చేర్చిన ఔ బూన్ హా తండ్రిది యోంగ్‌డింగే. కొడుకు పుట్టింది 1882లో, మన తెలుగు కూలీలూ ఓడెక్కి వెళ్లిన రంగూన్‌లో.

ఆ వలస ఆగలేదు, ఇప్పుడు నగరాలకు. మట్టిగోడకు వానే శత్రువు, కాపాడేది ముందుకు సాగిన చూరు. పెంకులు ఎప్పటికప్పుడు సర్దాలి. వాటా నిలువుది కాబట్టి పైకప్పు ముక్క ఎవరిది వాళ్లదే, గోడ మాత్రం అందరిదీ. తాళం పడిన వాటాలో ఒక పెంకు జారితే నీళ్లు దిగేది ఇంకా కాపురమున్న పక్కింటి గోడలోకి.