టూ బై ఫోర్‌లో అర అంగుళం ఎటు పోయింది?

అమెరికా, చైనాల సాఫ్ట్‌వుడ్ (పైన్, ఫర్ లాంటి సూదాకు చెట్ల) కలప దిగుమతుల్ని ఏళ్ల వారీగా ఒకే గ్రాఫు మీద గీయడం ఎలా అని ఒక పాఠకురాలు అడిగారు. గ్రాఫు కంటే ముందు టేపు తీసుకుని ఒక చెక్కను కొలవాలి.

అమెరికాలో ఇళ్ల గోడల చట్రాలకు వాడే పైన్, ఫర్, స్ప్రూస్ చెక్కను 'టూ బై ఫోర్' అంటారు. పేరుకి 2 అంగుళాల మందం, 4 అంగుళాల వెడల్పు. టేపు పెడితే ఒకటిన్నర, మూడున్నరే వస్తాయి. మిగతాది కొంత చిత్రిక పట్టడంలో, కొంత ఆరడంలో పోతుంది.

ఈ ఆరడం భలే విషయం. పచ్చి చెక్కలో నీరు కణాల బోలులోనూ, కణాల గోడల్లోనూ ఉంటుంది. మొదట బోలులోని నీరు పోతుంది. అప్పుడు బరువు తగ్గుతుంది కానీ సైజు మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు కదులుతుంది, చెక్క కుంచించుకుపోవడం అక్కడ మొదలవుతుంది. డగ్లస్ ఫర్ అనే చెట్టు కలప పూర్తిగా ఆరితే వలయాల వెంబడి 7.6 శాతం, మధ్య నుంచి బెరడు వైపు 4.8 శాతం తగ్గుతుంది. పొడవు దాదాపు తగ్గదు. పలకలు వంకర పోయేది ఈ తేడా వల్లే. 1970 నాటి అమెరికా ప్రమాణం ప్రకారం 'రెండంగుళాల' చెక్క ఆరాక 1½ అంగుళాలు ఉండాలి, పచ్చిగా ఉంటే 1 9/16. ఆ పదహారో వంతు ఆరడానికి వదిలిన జాగా!

కానీ అమెరికాలో అమ్మకం లెక్క పేరు కొలత మీదే నడుస్తుంది. బోర్డ్ ఫుట్ అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం. వెయ్యి బోర్డ్ ఫీట్‌కి 2.36 ఘన మీటర్లు. ఆ వెయ్యి బోర్డ్ ఫీట్ టూ బై ఫోర్‌ల రూపంలో ఉంటే అసలు కలప 1.55 ఘన మీటర్లే, టూ బై సిక్స్‌లలో అయితే 1.62. అమెరికా, కెనడాల మధ్య 1996లో కుదిరిన సాఫ్ట్‌వుడ్ ఒప్పందం కెనడా కలపకు ఏటా 1,470 కోట్ల బోర్డ్ ఫీట్ వరకు ఫీజు లేకుండా అనుమతించింది. అది 3.47 కోట్ల ఘన మీటర్లా? అన్నీ టూ బై ఫోర్‌లే అనుకుంటే 2.28 కోట్లే.

పైగా పాత టూ బై ఫోర్ 1⅝, 3⅝ అంగుళాలు ఉండేది. అంటే 1950లోనూ 1980లోనూ బోర్డ్ ఫీట్ అంకె ఒకటే అయినా, రెండోసారి వచ్చిన కలప 11 శాతం తక్కువ. బడిలో యూనిట్ల మార్పిడిని ఒట్టి గుణకారంగా నేర్పి వదిలేస్తాం. యూనిట్ వెనక ఏ వస్తువు ఉందో చూడమని పిల్లలకు చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

చైనా ఘన మీటర్లలోనే లెక్కిస్తుంది, అక్కడి చిక్కు దుంగలతో. చైనాకు దుంగలు పంపే రష్యా 2007 నుంచి వాటి ఎగుమతి సుంకం పెంచింది, 2022 జనవరి నుంచి కోయని సాఫ్ట్‌వుడ్ దుంగల ఎగుమతినే ఆపింది. దుంగగా వచ్చి చైనా సామిల్లులో కోతకు వెళ్లే చెట్టు, రష్యాలోనే కోతపడి పలకలుగా వచ్చిందనుకోండి. కస్టమ్స్ లెక్కలో అది 4403 కోడ్ (దుంగలు) నుంచి 4407కి (కోత కలప) మారుతుంది. చైనా వాడకం అంతే ఉన్నా కోత కలప గీత పైకి లేస్తుంది. దుంగలో దాదాపు సగమే పలకలవుతుంది కాబట్టి రెండు కోడ్‌లనూ ఊరికే కూడినా తప్పే.

అందుకే ఆమెకు నా సలహా: అమెరికా బోర్డ్ ఫీట్‌ను చెక్క సైజుల వారీగా అసలు ఘన మీటర్లలోకి మార్చండి. తర్వాత ఇరు దేశాల కోత కలపనూ దుంగలకు సమానంగా లెక్కగట్టి, 4403 అంకెను అప్పుడు కలపండి.