పొగ రోజున కూలర్ ఏం చేస్తుంది?

2020 జనవరి 14, భోగి పండుగ. ఆ రోజు తెల్లారేసరికి మెల్‌బోర్న్ నగరమంతా పొగ కమ్మేసింది. తూర్పున గిప్స్‌లాండ్ అడవుల్లో వారాల తరబడి కాలుతున్న మంటల పొగ అది. ఆస్ట్రేలియన్ ఓపెన్ అర్హత పోటీలు ఆలస్యంగా మొదలయ్యాయి, ఒక క్రీడాకారిణి దగ్గు ఆగక ఆట మధ్యలోనే తప్పుకుంది. ఆ 2019-20 వేసవి మంటల్లో నేరుగా చనిపోయినవాళ్లు 33 మంది. పొగ వల్ల అదనంగా జరిగిన మరణాలు 417 అని తర్వాత పరిశోధకులు అంచనా కట్టారు. అంటే అడవికి ఆమడ దూరంలో, ఇంట్లో కూర్చున్నవాళ్లను కూడా ఆ మంట తాకింది.

మెల్‌బోర్న్ పడమటి శివారులో ఉండే ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది: “మా ఇంటి కప్పు మీద కూలర్ ఉంది. గాలి నీళ్ల ప్యాడ్‌ల గుండానే కదా లోపలికొచ్చేది, పొగ అక్కడే కడుక్కుపోదా? పొగ రోజుల్లో ఎందుకు ఆపేయమంటారు?”

కడుక్కుపోదు. ఎందుకు కడుక్కుపోదో తెలిస్తే పొగ రోజున ఇంట్లో ఏది వేయాలో ఏది ఆపాలో చాలావరకు ఎవరికి వారే తేల్చుకోగలరు.

అక్కడివాళ్లు ‘ఎవాప్’ అని పిలిచే ఈ యంత్రం మనకు కొత్తదేమీ కాదు. గడ్డి ప్యాడ్‌లు పెట్టిన మన ఎయిర్ కూలరే, కాస్త పెద్దది, ప్యాడ్‌లు కాగితపువి, కప్పు మీద కూర్చుంటుంది. అంతకుముందు గుమ్మాలకు కట్టి నీళ్లు చల్లిన వట్టివేళ్ల తడికలూ ఇదే పని చేసేవి. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటుంది. మెల్‌బోర్న్‌లో ఉత్తరపు గాలి వీచే రోజున ఉష్ణోగ్రత 40 డిగ్రీలు, తేమ 15 శాతం ఉందనుకోండి. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ దాదాపు 21 డిగ్రీలు చూపిస్తుంది, నీటి ఆవిరితో గాలి చల్లబడగల హద్దు అదే. మంచి ప్యాడ్ ఆ తేడాలో 80 శాతం అందుకుంటుంది కాబట్టి గదిలోకి సుమారు 25 డిగ్రీల గాలి వస్తుంది. అదే 40 డిగ్రీలకు విజయవాడలోలా 45 శాతం తేమ తోడైతే అదే కూలర్ 32 దగ్గరే ఆగిపోతుంది, పైగా ఒళ్లంతా జిడ్డు. అందుకే పొడి వేడి ఉండే మెల్‌బోర్న్, అడిలైడ్, కాన్‌బెర్రాల్లో ఎవాప్‌లు ఎక్కువ, తేమగా ఉండే సిడ్నీలో తక్కువ.

అయితే ఈ చల్లదనానికి ఒక షరతు ఉంది. ఒకసారి తేమెక్కిన గాలిని మళ్లీ చల్లబరచలేం. దాన్ని కిటికీల్లోంచి బయటికి తోసేసి, బయటినుంచి కొత్త గాలి తెచ్చుకుంటూనే ఉండాలి. 200 చదరపు మీటర్ల ఇల్లు, 2.4 మీటర్ల ఎత్తు అంటే లోపల 480 ఘనమీటర్ల గాలి. సెకనుకు 3 ఘనమీటర్ల గాలి తోసే ఎవాప్ గంటకు 10,800 ఘనమీటర్లు తెస్తుంది. అంటే ఇంటి గాలి మొత్తం గంటకు 22 సార్లు, మూడు నిమిషాలు తిరక్కుండానే ఒకసారి మారిపోతుంది. బయట పొగ ఉంటే పది నిమిషాల్లో లోపలా అంతే పొగ.

ఇక ప్యాడ్ సంగతి. మనలో చాలామందికి, సైన్సు చదువుకున్నవాళ్లకు కూడా, వడపోత అంటే జల్లెడే గుర్తొస్తుంది. బడిలో పాఠం ఇసుక, నీళ్లు, గుడ్డతో మొదలై అక్కడే ఆగిపోతుంది. కన్నం కంటే పెద్దది ఆగుతుంది, చిన్నది జారిపోతుంది, అంతే. పొగ విషయంలో ఈ పాఠం పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది. అడవి పొగలోని కణాలు చాలావరకు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవి. 0.3 మైక్రాన్ల కణాన్నే తీసుకుందాం. వెంట్రుక మందంలో అది రెండువందో వంతు. దాన్ని జల్లెడ పట్టేంత సన్నటి కన్నాలు పెడితే గాలే సరిగ్గా ఆడదు.

ఘాట్ రోడ్డు మలుపులో లారీని, సైకిల్‌ని ఊహించుకోండి. వేగంగా వచ్చిన లారీ తిరగలేక గోడకు గుద్దుకుంటుంది, సైకిల్ సులువుగా తిరిగిపోతుంది. ప్యాడ్‌లో కాగితపు మడతల మధ్య గాలి సెకనుకు రెండు మీటర్ల వేగంతో వంపులు తిరుగుతూ పోతుంది. అందులో 50 మైక్రాన్ల దుమ్ము రేణువు ఉంటే, గాలి పక్కకు తిరిగాక కూడా అది తన ఊపుతో దాదాపు ఒక సెంటీమీటరు తిన్నగా దూసుకుపోతుంది. దారి వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి తడి గోడకు తగిలి అతుక్కుంటుంది. ప్యాడ్ కింద తొట్టిలో బురద చేరేది అందుకే. 0.3 మైక్రాన్ల పొగ కణం ఊపు మాత్రం ఒక మైక్రాన్ దూరం కూడా పోకముందే చచ్చిపోతుంది. గాలి ఎటు తిరిగితే అదీ అటే. పక్కనే నీటి పొర పారుతున్నా దాన్ని తాకదు.

మరి అంత చిన్న కణాన్ని ఎవరు పట్టుకోగలరు? దాని తిరుగుడే దాన్ని పట్టిస్తుంది. గాలి అణువులు నలువైపుల నుంచీ కొడుతుంటే అంత తేలికైన కణం ఒకచోట నిలవదు, దిక్కూ దెసా లేకుండా తూలుతుంది. దీన్నే బ్రౌనియన్ చలనం అంటారు. ప్యాడ్ మందం 9 సెంటీమీటర్లనుకుంటే కణం అందులో ఉండేది సెకనులో ఇరవయ్యో వంతు కంటే తక్కువ సేపు. అంతలో అది పక్కకు తూలేది మూడు మైక్రాన్లు. గోడ చూస్తే మిల్లీమీటర్ల దూరంలో ఉంది. కళ్లకు గంతలు కట్టిన పిల్లాడు వెడల్పాటి వీధిలో అటూ ఇటూ తూలుతూ నడిచినా ఏ అరుగుకూ తగలకుండా వీధి దాటేసినట్టు.

అదే పిల్లాణ్ణి వెయ్యి స్తంభాల మండపంలో వదలండి. నాలుగడుగులు వేయకముందే ఏదో ఒక స్తంభానికి గుద్దుకుంటాడు. గాలి శుద్ధి చేసే ప్యూరిఫయర్లలో వాడే హెపా ఫిల్టర్ అలాంటి మండపమే. మైక్రాన్ మందం పోగులు అడ్డదిడ్డంగా, లెక్కలేనన్ని పరిచి ఉంటాయి. మడతలు మడతలుగా ఉండటం వల్ల గాలి సెకనుకు కొద్ది సెంటీమీటర్ల చొప్పున నెమ్మదిగా దాటుతుంది. ఆ కాస్త వ్యవధిలో రెండు మూడు మైక్రాన్లు తూలితే చాలు, పోగుకు తగులుతుంది, తగిలిందంటే అతుక్కుంటుంది. పెద్ద కణాలు ఊపుతో దొరుకుతాయి, మరీ చిన్నవి తూలుతూ దొరుకుతాయి. రెండింటికీ సరిగ్గా అందనిది 0.3 మైక్రాన్ల దగ్గరి కణమే. అందుకే హెపా పరీక్షను ఆ సైజుతోనే పెట్టి, అందులోనే 99.97 శాతం పట్టాలంటారు. అంతకంటే చిన్నదైతే ఇంకా బాగా దొరుకుతుంది! జల్లెడ పాఠం చెప్పిన దానికి ఇది సరిగ్గా తలకిందులు.

ముక్కుకు తడి గుడ్డ కట్టుకుంటే పొగ ఆగుతుందన్న నమ్మకం కూడా ఇక్కడే వీగిపోతుంది. నేత దారాల మధ్య సందులు పొగ కణానికి వీధులే, తడిపినా మండపం కావు. ముఖానికి ఎక్కడా సందు లేకుండా బిగిసే పీ2 లేదా ఎన్95 మాస్కే కావాలి. దాన్ని ఉతక్కూడదు, ఉతికితే కణాలను లాగి పట్టే, పోగుల మీది విద్యుదావేశం పోతుంది. తడి తువ్వాలును తలుపు కింది సందులో కుక్కడం మాత్రం మంచి పని. అది వడకట్టదు, దారి మూస్తుంది.

పొగ రోజున కిటికీలు మూసేసి ఎవాప్ నడిపే ఇళ్లున్నాయి. అది రెంటికీ చెడ్డ రేవడి. వచ్చే గాలి ఎలాగూ బయటిదే, పోయే దారి లేక తేమ పేరుకుని చల్లదనమూ పోతుంది. ఆపేశాక కూడా ఒకటి చూడాలి. ఎవాప్ గాలి గదిలోకి దిగే సీలింగ్ రంధ్రం కింద పల్చటి టిష్యూ కాగితం పట్టుకోండి. రెపరెపలాడితే కప్పు మీది యూనిట్‌లో మూసుకోవాల్సిన రెక్క మూసుకోలేదని అర్థం. ఆ రంధ్రాలకు లోపలినుంచి అట్టముక్కలు టేపుతో అంటించేయండి.

స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది కాబట్టి వేసుకోవచ్చు. దాని జాలీ నూగును తప్ప పొగను పట్టదు. కిటికీలోంచి లావుపాటి గొట్టం ఒక్కటే పెట్టే చక్రాల ఏసీతో జాగ్రత్త. అది గది గాలిని గంటకు 400 ఘనమీటర్ల చొప్పున బయటికి ఊదితే, అంత పొగ గాలీ సందుల్లోంచి లోపలికొస్తుంది. వంటింటి చిమ్నీ, బాత్రూం ఎగ్జాస్ట్ చేసేదీ అదే. అందుకని ఆ రోజుకి ఇంగువ పోపులు, వేపుళ్లు మానేసి పెరుగన్నంతో సరిపెట్టుకోవాలి. అగరుబత్తి, సాంబ్రాణి, కర్పూరం కూడా వద్దు. మూసిన ఇంట్లో అవి కలిపేదీ పీఎం 2.5 (2.5 మైక్రాన్లు మించని) కణాలనే. దేవుడి ముందు పువ్వు పెడితే చాలు. అక్కడ భోగి సరిగ్గా మంటల కాలం నడిమధ్యలో పడుతుంది. టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటించిన రోజున పెరట్లో భోగి మంట వేయడం నేరం.

ప్యూరిఫయర్ ఉంటే ఎక్కడ పెట్టాలి? గంటకు 300 ఘనమీటర్ల శుద్ధ గాలి ఇచ్చే యంత్రాన్ని హాలు మధ్యలో పెట్టి లోపలి గదుల తలుపులన్నీ తెరిచారనుకోండి. మూసిన ఇంట్లో కూడా సందుల గుండా గంటకొకసారి గాలి మారుతుంది. ప్యూరిఫయర్ 480 ఘనమీటర్ల ఇంటిని గంటకు 0.6 సార్లే శుభ్రం చేస్తుంది. బయటి పొగలో 62 శాతం లోపల మిగులుతుంది. దాన్నే నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న పడకగదిలో పెట్టి తలుపు మూస్తే గది 38 ఘనమీటర్లే, గంటకు ఎనిమిది సార్లు. మిగిలేది 11 శాతం. యంత్రం అదే, కరెంటు ఖర్చూ అదే. పసిపిల్లలు, ముసలివాళ్లు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ గదిలోనే పడుకోవాలి.

ఎవాప్ తప్ప మరో చల్లదనం లేని ఇంట్లో 42 డిగ్రీల రోజున అన్నీ మూసుకు కూర్చోవడం ఇంకా ప్రమాదం. 2009లో విక్టోరియాలో 173 మందిని బలిగొన్న ఫిబ్రవరి 7 మంటలకు కొద్ది రోజుల ముందే, వడగాడ్పుల వారంలో 374 అదనపు మరణాలు నమోదయ్యాయి. ఒంటికి తడి గుడ్డ చుట్టి ఫ్యాన్ కింద కూర్చోవాలి, లేదంటే మధ్యాహ్నానికి ముందే ఏసీ ఉన్న లైబ్రరీకో షాపింగ్ సెంటర్‌కో పెద్దవాళ్లను తీసుకెళ్లిపోవాలి.

మంట దగ్గర్లోనే ఉన్న ఊళ్లలో ఎవాప్‌తో ఇంకో గండం ఉంది. యూకలిప్టస్ బెరడు రవ్వలుగా లేచి గాలిలో కిలోమీటర్లు ఎగిరి కప్పు మీద పడుతుంది. ప్యాడ్ కాగితంది, పైపెట్టె ప్లాస్టిక్. అవి అంటుకుంటే గొట్టాల వెంట మంట నేరుగా అటకలోకి దిగుతుంది. యూనిట్ చుట్టూ కన్నం 2 మిల్లీమీటర్లు మించని లోహపు జాలీ బిగించి ఉండాలి. రవ్వలు పడేటప్పుడు ఫ్యాన్ ఆపి పంపు మాత్రం నడిపితే ప్యాడ్ తడిగా ఉంటుంది. కొన్ని కంట్రోలర్లలో ఆ వీలుంటుంది, వేసవికి ముందే వెతికి పెట్టుకోవాలి. కరెంటు పోతే పంపూ ఆగుతుంది, ఈ వేడికి ప్యాడ్ తొందరగా ఆరిపోతుంది. కాబట్టి దీన్ని నమ్ముకుని ఇంట్లో ఉండిపోకూడదు, హెచ్చరిక రాగానే బయల్దేరాలి.

సాయంత్రం దక్షిణపు గాలి తిరిగి ఆకాశం తేటపడ్డాక, బయటికంటే మూసిన ఇంట్లోనే పొగ ఎక్కువ. ఊరికే వదిలేస్తే అది ఇరవయ్యో వంతుకు తగ్గడానికి మూడు గంటలు పడుతుంది. ఇప్పుడు ఎవాప్ వేయాలి, కానీ వెంటనే కాదు. ముందు ఫ్యాన్ లేకుండా పంపు కొద్ది నిమిషాలు నడిపి ప్యాడ్‌ల మీది బూడిద కడగండి. తొట్టిలో నల్లనీళ్లు పూర్తిగా వదిలేసి కొత్తవి పట్టండి. తర్వాత సీలింగ్ రంధ్రాల అట్టలు తీసి, అన్ని గదుల కిటికీలూ బార్లా తెరిచి ఫ్యాన్ పూర్తి వేగంలో పెట్టండి. గంటకు 22 సార్లు గాలి మారే ఆ వేగం ఇప్పుడు మనవైపు పనిచేస్తుంది, పది నిమిషాల్లో లోపలి పొగలో నూటికి రెండు మూడు వంతులే మిగులుతాయి.